రెండో ముక్క

నిదానానికి ఆ పూట నిదానం కరువైంది. పోలీసు శాఖలో ఉన్నప్పుడు తోటివాళ్ళు పెట్టిన పేరది. ప్రశ్న ఒకటి అడిగి, జవాబు వచ్చేదాకా గోడమీద బల్లిలా కదలకుండా కూర్చుంటాడని అలా తగిలించారు. ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా పేరు మాత్రం అతన్ని వదల్లేదు. అలాంటి మనిషి ఇవాళ స్టేషను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, అడ్డొచ్చిన కానిస్టేబుల్ని భుజంతో నెట్టుకుంటూ లోపలికొచ్చాడు. ఊచల వెనక కూర్చున్నది అతని సొంత మేనకోడలు మరి.

ఆ పిల్లని పిచ్చుక అని చిన్నప్పుడు పిలవడం మొదలుపెట్టింది అతనే. క్యారెట్ విత్తనాల పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేస్తోంది. ఆ కేంద్రానికి పెద్ద తలకాయ, అందరూ పెద్ద సారు అనే ముసలాయన, ఇవాళ పొద్దున పదకొండు గంటలకి ఈమె ఫ్లాస్కులోంచి పోసిచ్చిన సూపు తాగి, గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే కొయ్యబారి పడిపోయాడు. అప్పట్నుంచీ ఆసుపత్రిలో ఫిట్స్ మీద ఫిట్స్. ఆయన వెంట అంబులెన్సులో వెళ్ళిన పిచ్చుకని ఇన్‌స్పెక్టరు ఆసుపత్రి వరండాలోనే పట్టుకుని జీపెక్కించాడు. పెద్ద సారు బతికితే హత్యాయత్నం, పోతే హత్య. ఆ ముసలి ప్రాణానికీ ఈ పడుచు ప్రాణానికీ ఎవరో గట్టి ముడి వేసి పెట్టారు.

దీనికి తోడు అక్క. మొగుడు పోయాక ఆ ఒక్కగానొక్క కూతుర్ని రెక్కలు ముక్కలు చేసుకుని పెంచింది. ఫోనులో ఆమె ఏడవలేదు, అదే నిదానాన్ని ఎక్కువ భయపెట్టింది. పొద్దున పిల్ల ఏమీ తినకుండా వెళ్ళిందనీ, దాన్ని ఇంటికి తీసుకురమ్మనీ మాత్రం అంది. తీసుకొస్తానని మాట ఇచ్చేశాడు. ఎలా తీసుకురావాలో అతనికి ఇంతవరకూ తెలీదు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ముందు సూపు సంగతి చెప్పు," అన్నాడు ఊచల దగ్గర చతికిలబడి.

గుమ్మడికాయ సూపు. మెత్తగా రుబ్బి వడకట్టింది. పెద్ద సారు ఒంటికాయ సొంటికొమ్ము, వండిపెట్టేవాళ్ళు లేరు, కేంద్రంలో తలా ఒకరోజు ఏదో ఒకటి తెచ్చిపెడుతుంటారు. ఇవాళ ఈమె వంతు. ఫ్లాస్కులో ఉన్నదంతా ఆయన గ్లాసులోకే వంపింది. అడుగున చుక్క అయినా మిగిలి ఉంటే పరీక్షకి పంపొచ్చు కదా అని అడిగాడు నిదానం. పిచ్చుక తల దించుకుంది. ఆయన తాగుతుండగానే కుళాయి దగ్గరికి వెళ్ళి ఫ్లాస్కు కడిగేసిందట.

"ఎందుకు కడిగావే తల్లీ?"

"అమ్మ సంగతి నీకు తెలీదా మామయ్యా?"

తెలియకేం. అక్క ఇంట్లో రెండే చట్టాలు. ఖాళీ అయిన గిన్నె కడగకుండా ఉంచకూడదు, ఉప్పు చూడకుండా వండిన గిన్నెకి మూత పెట్టకూడదు. ఆ మొదటి చట్టమే ఇప్పుడు కూతురి మెడకి ఉచ్చయి కూర్చుంది. సాక్ష్యం చెరిపేసిందని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. రాసుకోడా మరి.

కారణం కూడా ఆయనకి రెడీగా దొరికింది. క్యారెట్ మొదటి ఏడు దుంప ఊరుతుంది, రెండో ఏడు పువ్వు పూస్తుంది. ఆ పూల మీద బయటి తేనెటీగలు వాలకుండా కేంద్రంలో వలగది కట్టారు. కిందటేడు పూత కాలంలో ఈ పిల్ల వలగది తలుపు తెరిచి వదిలేసిందనీ, అందువల్లే ఈ ఏడు నారింజ రంగు దుంపల మధ్య తెల్లవి పుట్టుకొస్తున్నాయనీ చిన్న సారు ఫిర్యాదు చేశాడు. చిన్న సారంటే పెద్ద సారు తర్వాతివాడు. పెద్ద సారు పోయినవారం అందరి ముందూ పిచ్చుకని చెడామడా తిట్టాడు కూడా. అవమానం జరిగింది, కక్ష పుట్టింది, సూపులో విషం పడింది. ఇన్‌స్పెక్టరు లెక్క చక్కగా సరిపోయింది.

తలుపు తెరిస్తే దుంప తెల్లబడ్డమేమిటో నిదానానికి అర్థం కాలేదు. అదే అడిగాడు. పని మాటలు మొదలయ్యేసరికి పిల్ల గొంతులో వణుకు తగ్గింది.

"నారింజ రంగు తేలిగ్గా రాదు మామయ్యా. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే పైకి కనపడుతుంది. తెలుపు అలా కాదు, ఒక్కరిస్తే చాలు, రెండోదాన్ని అణిచేస్తుంది. క్యారెట్ తాతముత్తాతలు సన్నగా, తెల్లగా, చేదుగా ఉండేవి. మనుషులు తరాల తరబడి ఏరి ఏరి ఇలా చేసుకున్నారు. ఆ అడవి క్యారెట్ ఇప్పటికీ కాలవ గట్టున పూస్తోంది. దాని పుప్పొడి ఒక్క తేనెటీగ మోసుకొచ్చిందా, మరుసటేడు దుంపలు తెల్లగా ఊరతాయి."

"మరి తలుపు తెరిచావా?"

"లేదు. నా తప్పు కాదని ఇవాళ పొద్దున పెద్ద సారే చెప్పారు. తెల్లవన్నీ ఒక్క వరసలోనే వచ్చాయట. తలుపు తెరిచి ఉంటే తేనెటీగ వరస నంబరు చూసి వాలుతుందా అమ్మా, అన్నారు. మధ్యాహ్నం అందరి ముందూ చెప్తానన్నారు."

ఆ మధ్యాహ్నం రాకుండానే ఆయన పడిపోయాడు. ఆ ఒక్క వరసకి విత్తనం కట్టింది, అంటే పూయించి పండించింది, ఎవరని అడిగితే, చిన్న సారని చెప్పింది. వలగదిలోనే కట్టానని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఆరుబయట కాలవ పక్కన కట్టేసి ఉంటాడని పెద్ద సారు అనుమానం. అది తేలితే తను తీశానంటున్న కొత్త రకం మీద చిన్న సారు పేరు ఉండదు, ఆ పదవి కూడా ఉండదు. ఇదంతా పెద్ద సారు ఈ పిల్ల చెవిలో చెప్పిన మాట. విన్న మూడో మనిషి లేడు.

సూపుకి ముందు ఆయన నోట్లోకి ఇంకేం వెళ్ళిందో కావాలి నిదానానికి. పిచ్చుక చెప్పింది. పదింటికి రుచి బల్ల దగ్గర కూర్చున్నారు. పెకలించిన తెల్ల దుంపల్ని కడిగి, ఆకు కోసి తెచ్చి పళ్ళెంలో పోస్తారు. పెద్ద సారు ఒక్కోదాన్ని తీసుకుని తోక వైపు నుంచి బొటనవేలంత ముక్క కోసి పచ్చిగా నములుతాడు. పక్కనే మరో ముక్క కోసి రెండో మనిషికిస్తాడు, ఒక్క నాలుకని నమ్మకూడదని. ఉమ్మేయడం ఒప్పుకోడు, అడవి రక్తం తాలూకు చేదు గొంతు దిగేటప్పుడే తెలుస్తుందంటాడు. నడిమి భాగం బుట్టలో పడుతుంది, కావలసినవాళ్ళు కూరకి పట్టుకెళ్తారు. తలని మాత్రం ఆయనే స్వయంగా ఇసక కుండీలో నాటుతాడు. అది మళ్ళీ చిగిర్చి పూస్తేనే విత్తనం కదా. కోసిన గాయం ఆరేదాకా ఆ కుండీకి నీళ్ళు పొయ్యరు, పోస్తే కుళ్ళిపోతుంది.

"దుంపని ఎగాదిగా చూడరా ఆయన?"

"ఒక కంట్లో పొర వచ్చింది, రెండో కన్ను అంతంతమాత్రం. కన్ను మోసం చేస్తుంది, నాలుక చెయ్యదంటారు."

రెండో మనిషి ఎప్పుడూ పిచ్చుకేనట. ఇవాళ జలుబు చేసి ముక్కు బిగుసుకుపోయింది, రుచి తెలియడం లేదంది. దాంతో పెద్ద సారు చిన్న సారుని పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ, కాదనలేక కూర్చున్నాడు.

రుచి బల్ల మీదికి ఏ దుంపైనా రావచ్చన్నమాట అనుకున్నాడు నిదానం. తర్వాత, క్యారెట్‌కి చుట్టాల్లో విషపు మొక్కలేమైనా ఉన్నాయా అని అడిగాడు. పిచ్చుక చప్పున తలెత్తింది.

"మన వంటింట్లో సగం డబ్బాలు దాని చుట్టాలే మామయ్యా. ధనియాలు, జీలకర్ర, సోంపు, వాము, ఇంగువ. అన్నిటికీ గొడుగులాంటి పువ్వే, కాస్త అటూ ఇటూగా అదే ఆకు. వాటికే ఒక తోబుట్టువుంది, నీళ్ళ ఒడ్డున పెరుగుతుంది. విషదుంప అంటాం. ఆకు కోసి కడిగి పెడితే తెల్ల క్యారెట్‌కీ దానికీ తేడా కనిపెట్టడం మాకే కష్టం. తల నిలువునా కోస్తే మాత్రం దొరికిపోతుంది. క్యారెట్ తల లోపల గట్టిగా ఉంటుంది. విషదుంపకి నిచ్చెన మెట్లలా గదులుంటాయి, పసుప్పచ్చ జిడ్డు కారుతుంది." ఆ మాట అంటూనే ఆమె మొహం పాలిపోయింది. "ఉడకబెట్టినా దాని విషం చావదు మామయ్యా."

నిదానం లేచి బయటికొచ్చి ఆసుపత్రికి ఫోను చేశాడు. డాక్టరమ్మ విసుగ్గా మాట్లాడినా పనికొచ్చే మాటే చెప్పింది. కడుపు కడిగితే పసుపు రంగు సూపుతోపాటు తెల్లటి పచ్చి ముక్కలు వచ్చాయి. పైగా సూపు గొంతు దిగగానే ఫిట్స్ తెప్పించే విషం ఆమెకి తెలిసి లేదు. అంతకు గంట ముందు తిన్నది ఏదైనా అయ్యుండాలి. ఏ విషమో తెలిస్తే వాడకూడని మందులు ఆపుతానంది. ఇప్పుడు చేస్తున్న వైద్యం చీకట్లో కర్ర తిప్పడమేనని ఒప్పుకుంది.

"ఎంతసేపు ఆగగలరు?" అన్నాడు.

"నేను ఎంతసేపైనా ఆగుతాను. ఆయన ఆగడు," అని పెట్టేసింది.

పరిశోధన కేంద్రంలో రుచి బల్ల ఉన్న షెడ్డుకి తాళం వేసి, ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టారు. తలుపు ముందు కుర్చీ వేసుకుని ఇన్‌స్పెక్టరు కాగితాలు రాసుకుంటున్నాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేశారు. ఒక దొంగతనం కేసులో ఇన్‌స్పెక్టరు పట్టుకున్న మనిషి దొంగ కాదని నిదానం కోర్టులో చెప్పాడు. ఆ మనిషి విడుదలయ్యాడు, ఈయనకి రావలసిన ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"రావయ్యా నిదానం. మేనమామల హడావుడి పెళ్ళిళ్ళలో చూశాను, లాకప్పు దగ్గర చూడ్డం ఇదే మొదలు."

"షెడ్డు లోపల చూడాలి."

"ఏముందని? మట్టి, కుండీలు. సూపు తాగింది వరండాలో." ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టాడు. "చూడు, నాకు మీ కుటుంబం మీద కక్షేం లేదు. ఇంటి కూడు తెచ్చిపెట్టుకోమని మీ అక్కకి నేనే చెప్పించాను. నేనేం రాక్షసుణ్ని కాను."

నిదానం నోటికి చాలా మాటలొచ్చాయి. అన్నీ మింగేశాడు. అవతల ముసలాయన ఊపిరి సన్నబడుతుంటే ఇక్కడ పాత పగలు తవ్వుకుంటే ఏమొస్తుంది? అందుకే జన్మలో ఎవరి ముందూ వంగని ఆ మనిషి వంగాడు. పది నిమిషాలు లోపలికి రానివ్వమన్నాడు. ఏమీ దొరక్కపోతే మేనకోడలే ఫ్లాస్కు కడిగిందని తానే సాక్షి సంతకం పెడతానన్నాడు.

ఇన్‌స్పెక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. ముద్దాయి సొంత మేనమామ సాక్ష్యమంటే కోర్టులో ఎదురుండదు. తాళంచెవి కానిస్టేబుల్ మీదికి విసిరాడు.

తాళం తీస్తూ ఆ కానిస్టేబుల్ ఓ మాట అన్నాడు. చిన్న సారు పొద్దుట్నుంచీ మూడుసార్లు వచ్చాడట. కుండీలకి నీళ్ళు పోయకపోతే చచ్చిపోతాయి, ఒక్క నిమిషం వదలమని బతిమాలాడట. కోసిన తల ఆరేదాకా నీళ్ళు పొయ్యరని పిచ్చుక చెప్పింది కదా అనుకున్నాడు నిదానం.

అంతలో చిన్న సారే వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నున్నగా దువ్విన తల, గోళ్ళలో మట్టి లేదు. పెద్ద సారు తనకి తండ్రిలాంటివాడన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి ఇంత పని చేస్తుందనుకోలేదన్నాడు. నిదానం తన పాత పద్ధతిలోకి వచ్చేశాడు. అందరూ లోపలికి రాగానే రుచి బల్ల అంచు మీద కూర్చుని, ఒకటే అడిగాడు.

"రుచి చూసేటప్పుడు రెండో మనిషి మీరేగా. ఎన్ని తిన్నారు?"

"అన్నీ. ఆయన తిన్న ప్రతి దుంపలోంచీ రెండో ముక్క నేను తిన్నాను. నేను గుండ్రాయిలా ఉన్నానంటే విషం దుంపల్లో లేనట్టేగా?"

"విన్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక్కటి కూడా వదల్లేదా?"

"ఒక్కటి కూడా. కావాలంటే రాసిస్తాను."

"అక్కర్లేదు. ఇన్‌స్పెక్టరుగారు విన్నారు, చాలు," అని నిదానం బల్ల దిగాడు.

గోడ వెంబడి ఇసక కుండీలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో తల, పైకి రూపాయి బిళ్ళంత తెల్ల చక్రం మాత్రం కనపడుతోంది. రుచి బల్ల మీదున్న కత్తి తీసుకుని మొదటి తల ఊడబెరికి నిలువునా చీల్చాడు. లోపల గట్టిగా, తెల్లగా, మధ్యలో లేత పసుపు చార. క్యారెట్టే. వాసన కూడా క్యారెట్ వాసనే. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అది పరిశోధనకి కావలసిన విత్తనమని, ఏళ్ళ తరబడి శ్రమ అని చిన్న సారు గోల పెట్టాడు. ఇన్‌స్పెక్టరు కూడా విత్తనాలు పాడుచేసిన కేసు ఇంకొకటి రాయాలా అని ఎకసెక్కమాడాడు.

కుండీలు తరిగిపోతున్నాయి. ప్రతి తలలోనూ అదే తెలుపు, అదే గట్టిదనం. తప్పు దారిన పడ్డానా? పచ్చి ముక్కలు ఇంకెక్కడివో అయితే? సాక్షి సంతకం పెడతానన్నాడు. రేపు అక్క అడిగితే, నీ కూతుర్ని నా చేత్తోనే అప్పగించి వచ్చానని చెప్పాలా? చివరి రెండు కుండీలు మిగిలాయి. ఒకటి చీల్చాడు. క్యారెట్టే.

చివరిదాని మీద కత్తి పెట్టేముందు చిన్న సారు వైపు చూశాడు. ఆయన కుండీ వైపు చూడటం లేదు. తలుపు వైపు చూస్తున్నాడు.

కత్తి దిగింది. తల రెండు చెక్కలై విడిపోయింది. లోపల ఒకదానిమీద ఒకటి, సన్నటి అడ్డగోడలతో, ఖాళీ గదులు. కోసిన అంచున పసుప్పచ్చ జిడ్డు ఊరుతోంది.

నిదానం దాన్ని చేత్తో ముట్టుకోలేదు. జేబురుమాలుతో పట్టుకుని ఇన్‌స్పెక్టరుకి చూపించి, ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాడు. అక్కణ్నుంచే డాక్టరమ్మకి ఫోను చేసి మొక్క పేరు చెప్పాడు. అవతలి నుంచి నర్సుని కేకేయడం వినపడింది. బతుకుతాడా అని అడగబోతే అప్పటికే లైను లేదు.

అప్పుడు చిన్న సారు వైపు తిరిగాడు.

"ఈ దుంపలో మొదటి ముక్క తిన్నాయన ఆసుపత్రిలో కొట్టుకుంటున్నాడు. రెండో ముక్క తిన్నాయన ఇక్కడ నిలబడి నాతో మాట్లాడుతున్నాడు. ఎలా సారూ?"

"అది... అదొక్కటీ తిన్నానో లేదో గుర్తులేదు."

"ఒక్కటి కూడా వదల్లేదన్నారే. ఏది తినకూడదో మీకొక్కరికే తెలిసిందెలా?"

ఇన్‌స్పెక్టరు మొండివాడే గానీ మొద్దు కాదు. ఆ మాటతో ఆయన మొహంలో రంగు మారింది. మెల్లగా వచ్చి చిన్న సారు భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ఒక్కసారి తలుపు వైపు, అక్కడున్న కానిస్టేబుల్ వైపు చూసి రుచి బల్ల పక్కన కూర్చున్నాడు.

తర్వాత మాటలు వాటంతటవే కారాయి. విత్తనం కాలవ పక్కన కట్టింది నిజమే. పెద్ద సారు పసిగట్టేశాడు, పొద్దున ఆ పిల్లకి చెప్తుంటే తను చాటునుంచి విన్నాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, ఒకే దుంప తింటారు. పొరపాటున గట్టున మొలిచిన విషదుంప పెకలించుకొచ్చారు పాపం అని లోకం జాలిపడి ఊరుకుంటుంది. తీరా చూస్తే ఆ పిల్లకి జలుబు చేసింది, ఆ కుర్చీలో తనే కూర్చోవలసి వచ్చింది. ఇక కుండీలో తల మాయం చేస్తే తప్ప తను బయటపడడు.

"మరి ఆ రెండో ముక్క ఏం చేశారు?" అన్నాడు నిదానం. అడిగేటప్పటికి అది అతనికి ఒక సాక్ష్యం ముక్క మాత్రమే.

"ఆయన అటు తిరిగి తల నాటుతుంటే, నడిమి ముక్కతోపాటు బుట్టలో పడేశాను."

ముగ్గురూ ఒక్కసారే బల్ల కిందికి చూశారు. బుట్ట లేదు. ఇన్‌స్పెక్టరు గట్టిగా పిలిస్తే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. బుట్టా అని తెల్లబోయాడు. తాళం వెయ్యకముందే తను తీసిపెట్టాడట. రోజూ మిగిలిన దుంపలు పక్క వీధిలో ఆ అమ్మాయిగారింట్లోనే ఇస్తాడట, ఇవాళా అలాగే ఇచ్చొచ్చాడట.

"వాళ్ళమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ తీసుకున్నారండీ. పిల్ల పొద్దుట్నుంచీ తినలేదు, కూర చేసి స్టేషన్‌కి పట్టుకెళ్తానన్నారు."

నిదానం అక్కకి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఇంటి కూడు తెచ్చుకోమని అనుమతిచ్చిన ఇన్‌స్పెక్టరు తన స్టేషన్‌కి చేశాడు. హెడ్ కానిస్టేబుల్ ఎత్తాడు. ఆవిడ వచ్చి చాలాసేపైందని, పిల్లకి తినిపించడానికి కూర్చుందని తాపీగా చెప్పాడు.

"ఆపు. తన్నేసెయ్ ఆ గిన్నె. తన్నెయ్యరా," అని అరిచాడు ఇన్‌స్పెక్టరు. అవతల ఫోను కింద పడ్డ చప్పుడు, స్టీలు గిన్నెలు దొర్లిన చప్పుడు, ఒక ఆడమనిషి కేక. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

చిన్న సారుని కానిస్టేబుల్‌కి అప్పగించి ఇద్దరూ జీపెక్కారు. దారిలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పిల్లని ఇంటికి తీసుకొస్తానని నిదానం అక్కకి మాట ఇచ్చాడు. ఆ ఒక్క ముక్కే బుర్రలో గానుగెద్దులా తిరుగుతోంది.

స్టేషన్లో క్యారియరు గిన్నెలు నేలమీద చెల్లాచెదురుగా పడున్నాయి. అన్నం, కూర గోడ దాకా చిందాయి. ఇంట్లో ఉన్న క్యారెట్‌తో కలిపి వండినట్టుంది, నారింజ ముక్కల మధ్య అక్కడక్కడా తెల్లవి. పిచ్చుక ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"తిన్నావా?" అన్నాడు నిదానం.

"లేదు మామయ్యా. అమ్మ ముద్ద కలిపి పెట్టబోయింది. నువ్వొచ్చాకే తింటానన్నా. ఇంతలో ఈయనొచ్చి తన్నేశాడు."

నిదానం ఊచలకి తల ఆనించి నిలబడిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకుని, తాళం తియ్యమని చెప్పాడు. ఎవరి వైపూ చూడకుండా, తప్పు నాదేనన్నాడు.

బెంచీ మీద కూర్చున్న అక్కకి ఇవేవీ తలకెక్కలేదు. ఆమె కోపమంతా నేలపాలైన కూడు మీదే ఉంది.

"అన్నాన్ని కాలితో తంతార్రా ఎక్కడైనా? ఒంట్లో ఓపిక లేకపోయినా నిలబడి వండాను," అంది.

నిదానం నవ్వబోయి ఆగాడు. నేలమీది తెల్ల ముక్కలు చూశాడు. అక్క ఇంటి రెండో చట్టం గుర్తొచ్చింది. వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అక్కా, ఉప్పు చూశావా?"

"చూడకుండా ఎప్పుడైనా మూత పెట్టానట్రా? ఉప్పు సరిపోయింది. ఆ తెల్లవే ఉడికాయో లేదోనని, బుట్టలోనే కోసి వచ్చిన బొటనవేలంత ముక్క ఒకటి గిన్నె అడుగున దొరికితే అది నమిలి చూశాను. తియ్యగానే ఉంది." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. "ఇందాకట్నుంచీ నోరు ఊరికే ఊరుతోందిరా తమ్ముడూ. ఈ చెయ్యి కూడా ఏంటో నా మాట వినడం లేదు."

నిదానం ఆ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకుంటున్నాయి. వెనక ఇన్‌స్పెక్టరు జీపు తియ్యమని అరుస్తూ మెట్లు దిగి పరుగెడుతున్నాడు.